స్టాంపు లేని ఫారం

జాయ్స్ తండ్రి ఏబెల్‌గారు ఖతార్‌లోని దుఖాన్‌లో, ఒక చమురు కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా కాగితాలు సరిచూసే డాక్యుమెంట్ కంట్రోలర్. స్టాంపు పడని కాగితాన్ని ఆయన కాగితంగానే లెక్కచెయ్యరు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ పట్టుదల ఆఫీసులో ఇన్నాళ్ళూ చెల్లింది. ఇప్పుడు కూతురి మెడకు చుట్టుకుంది.

జాయ్స్ దోహాలో హాస్టల్లో ఉంటూ, యూనివర్సిటీ ఇచ్చే ఆర్థిక సాయంతో చదువుతోంది. ఆ దేశంలో వారం సెలవు శుక్రవారం కాబట్టి చర్చి కూడా ఆ రోజే; అమ్మానాన్నల్ని అక్కడే కలుస్తుంది. ఐర్లండ్‌లోని వేరే కాలేజీలో ఒక సెమిస్టర్ సముద్ర జీవశాస్త్రం చదివే అవకాశం వచ్చింది. అక్కడికీ ఈ సాయం అందాలంటే, తన దగ్గర ఈ అమ్మాయి ఎన్ని క్రెడిట్లు చదువుతుందో ఆ కాలేజీ ఒక ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. తర్వాత తండ్రి సంతకం. గురువారం మూడింటిలోగా అది యూనివర్సిటీకి చేరకపోతే ప్రయాణం లేనట్టే.

బుధవారం సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది.

"ఫారం మెయిల్లో వచ్చిందా నాన్నా?"

"వచ్చిందమ్మా. తిప్పి పంపేశాను."

"ఎందుకూ?"

"స్టాంపు లేదు. ఒట్టి సంతకమే. రేపు ఈ సంతకం మాది కాదంటే ఎవర్ని పట్టుకుంటావ్?"

"వాళ్ళ దేశంలో స్టాంపులు వెయ్యరు నాన్నా! పాతదే పంపెయ్."

"అది రద్దు చేసి కొత్తది పంపుతామని వాళ్ళే రాశారు."

వెనకనుంచి తల్లి లూర్దమ్మ గొంతు వినిపించింది. "పెళ్ళి సర్టిఫికెట్‌కి కూడా రెండు స్టాంపులు వేయించిన మనిషే ఈయన!"

మర్నాడు మధ్యాహ్నమంతా జాయ్స్ ఆర్థిక సాయం ఆఫీసు ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తండ్రి మీద ఒళ్ళు మండిపోయింది. రెండూ నలభైకి లోపలి అధికారి జహనారా నవ్వుతూ పిలిచింది. ఏబెల్‌గారి సంతకంతో సహా ఫారం వచ్చేసింది. మీద గుండ్రంగా నీలం స్టాంపు కూడా ఉంది. అది లైబ్రరీది.

కింద ఐర్లండ్ వాళ్ళ ఉత్తరం. మా ఆఫీసుకు స్టాంపు లేదు, లైబ్రరీలో అడిగి వేయించాం. ఆ పనిలో ఫారం మళ్ళీ చూస్తే, పన్నెండు క్రెడిట్లకు బదులు తొమ్మిదని రాశామని తెలిసింది. దిద్దాం, క్షమించండి.

"పన్నెండుకి తగ్గితే సాయం ఇవ్వం. తొమ్మిదితో వచ్చుంటే ఆగిపోయేది" అంది జహనారా.

జాయ్స్ బయటికి పరుగెత్తి ఫోన్ చేసింది. "నాన్నా, ఆ తప్పు నువ్వు ముందే చూశావా?"

"అబ్బే, నేను స్టాంపు ఒక్కటే చూశానమ్మా."

జాయ్స్ పడీ పడీ నవ్వింది. అప్పటిదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. "ఏదైతేనేం, నీ చాదస్తమే నన్ను గట్టెక్కించింది. జనవరిలో వెళ్తున్నాను!"

"ఎన్నాళ్ళమ్మా?"

"నాలుగు నెలలు. ఫారంలో ఉందిగా."

"చూడలేదు" అన్నారు ఏబెల్‌గారు మెల్లగా. "మరి శుక్రవారం చర్చిలో నా పక్కన ఎవరు కూర్చుంటారు?"