టైపు మాస్టారి చేతులు

తాతారావు ఇన్‌స్టిట్యూట్ ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది. రెండు ప్రాంతాలూ కలిసి కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాదే కాకినాడ నుంచి వచ్చి, పదిహేనేళ్ళుగా అదే గదిలో, ఎనిమిది మెషీన్ల మీద టైపు నేర్పుతున్నాడు. నేర్చుకునేవాళ్ళ వేళ్ళు తన చేత్తో పట్టుకుని ఒక్కొక్కటే మీటల మీద సర్దడం ఆయన పద్ధతి.

ఆ ఏడు వానలు మొదలవగానే ఊళ్ళో కళ్ళకలక పాకింది. ఇన్‌స్టిట్యూట్‌లో మొదట కళ్ళు ఎర్రబడింది సాయన్నకి. అతను గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో అటెండరు. గుమస్తా కావాలంటే టైపులో మొదటి మెట్టయిన లోయర్ పరీక్ష పాసవ్వాలి. పరీక్షకింకా పద్దెనిమిది రోజులున్నాయి.

"నా వంక చూడకు," అన్నాడు తాతారావు మొహం పక్కకి తిప్పుకుని. "తగ్గాక నేను కబురు చేసేదాకా రావద్దు. నీ చూపు తగిలితే అందరికీ అంటుకుంటుంది."

"నల్లద్దాలు పెట్టుకున్న గద సార్. కాయితం దిక్కే చూస్త. పరీక్ష దగ్గరకొచ్చింది."

"పెట్టుకున్నా సరే. వెళ్ళు."

సాయన్న పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

తాతారావు బల్లలన్నీ గోడవైపు తిప్పించాడు. అందరూ నల్లద్దాలు పెట్టుకోవాలన్నాడు. ఒకరి మొహం ఒకరు చూడకూడదన్నాడు. అయినా మూడో రోజు సాయన్న పక్క మెషీను మీద నేర్చుకునే డోరా కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ మర్నాడు ఇంకో అమ్మాయి విమల రాలేదు. వారం తిరిగేసరికి నేర్చుకునే పదకొండు మందిలో ఆరుగురు ఇంటిపట్టున ఉన్నారు.

ఆయనకేమీ పాలుపోలేదు. సాయన్న రావడం లేదు. ఉన్నవాళ్ళు గోడ తప్ప ఏమీ చూడటం లేదు. మరి చూపు ఎటునుంచి వస్తోంది? కింద దుకాణంలో నిలువుటద్దం ఉంది. మెట్లెక్కేవాళ్ళు అందులోంచి ఒకరినొకరు చూసుకుంటున్నారేమో. దానికి గుడ్డ కప్పమని దుకాణం ఆయన్ని బతిమాలాడు. ఆయన వింతగా చూసి, సరేనని కప్పాడు.

మర్నాడు పొద్దున తాతారావుకే రెప్పలు అంటుకుపోయి కళ్ళు తెరుచుకోలేదు.

నాంపల్లిలో ఒక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చుక్కల మందు వేసింది జ్ఞానమణి అనే నర్సు.

"నేనెవరి కళ్ళల్లోకీ చూడలేదమ్మా. నాకెలా వచ్చింది?" అనడిగాడు.

"చూస్తే రాదండి. చేతులతోని వస్తది. కన్ను నలుపుకున్న చెయ్యి ఏది ముట్టుకుంటే దానికి అంటుతది. అదే ఇంకొకరు ముట్టుకుని తమ కన్ను నలుపుకుంటరు. మీరేం పని చేస్తరు?"

"టైపు నేర్పుతాను. ఇదిగో, ఇలా..." అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు అందుకుని బల్ల అంచు మీద సర్దబోయాడు.

జ్ఞానమణి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఆగండి. రోజుకి ఎంతమందికి ఇట్ల పట్టుకుని పెడ్తరు?"

తాతారావు లెక్కపెట్టబోయి మధ్యలో ఆగిపోయాడు.

"నేను రోజూ స్నానం చేస్తాను. అన్నానికి ముందు చేతులు కడుక్కుంటాను."

"ఒకరి చెయ్యి పట్టుకున్నంక, ఇంకొకరిది పట్టుకునే ముందు కడుగుతరా? సబ్బుతోని?"

తాతారావు చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కున్నాడు.

బయటికొచ్చి, స్టేషను రోడ్డు మీద నిలబడి అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. గోళ్ళలో రిబ్బను సిరా తప్ప ఏమీ లేదు. చూపంటే తెలుసు. ఈ చేతుల్లో కనపడనిది ఏముందో ఎలా తెలుస్తుంది? సాయన్నని పంపించడానికి ముందురోజు సాయంత్రం అతని వేళ్ళు సర్ది, అవే చేతులతో డోరా దగ్గరికి వెళ్ళిన సంగతి గుర్తొచ్చింది. ఎనిమిది మెషీన్లనీ ఒకే గుడ్డతో తుడిచిన సంగతి కూడా.

కళ్ళు తేటపడ్డాక మొదట సాయన్న గదికే వెళ్ళాడు. అట్టముక్క మీద గళ్ళు గీసి, అక్షరాలు రాసుకుని, దాని మీద వేళ్ళు ఆడిస్తున్నాడు సాయన్న. కళ్ళు తెల్లగా ఉన్నాయి.

"తగ్గి వారమైంది సార్. మీరు కబురు చెయ్యలే, అందుకే రాలే."

"నీ చూపు వల్ల కాదు సాయన్నా. నా చేతుల వల్ల అంటుకుందట."

"గట్లెట్ల సార్? అప్పుడు మీకు కలక లేకుండె గద."

"అదే నాకూ సరిగ్గా అర్థం కాలేదు. చేతికి జబ్బు ఉండక్కర్లేదట. మోసుకెళితే చాలట." తాతారావు గొంతు తగ్గించాడు. "నిన్ను వెళ్ళమన్నందుకు కాదు, నీ చూపు తగులుతుందన్నందుకు బాధగా ఉంది."

సాయన్న తలొంచుకుని అట్టముక్క వంక చూశాడు. "రేపటి సంది వస్త సార్," అన్నాడు.

మర్నాటికి మెట్ల పైన బకెట్టు, చెంబు, సబ్బు అమిరాయి. చేతులు కడుక్కోనిదే ఎవరూ మెషీను ముట్టుకోకూడదు. లేచేటప్పుడు ఎవరి మెషీను వాళ్ళే స్పిరిట్ అద్దిన దూదితో తుడవాలి. తాతారావు వేళ్ళు పట్టుకోవడం మానేసి పెన్సిల్‌తో చూపించేవాడు. చేతులు ఊరుకోలేక ఒకోసారి వెనక్కి కట్టుకునేవాడు. కొత్తగా ఎవరికీ కలక రాలేదు. సబ్బు వల్లనేనా, లేక ఊళ్ళోనే తగ్గుముఖం పట్టిందా అన్నది ఆయన తేల్చుకోలేకపోయాడు. సబ్బు మాత్రం తీయించలేదు.

పరీక్షల్లో డోరా, విమల పాసయ్యారు. సాయన్న తప్పాడు. ఫలితాలు తెలిసిన సాయంత్రం అతను వచ్చేసరికి తాతారావు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"మళ్ళ రాస్త సార్," అని సాయన్న చివరి మెషీను దగ్గర కూర్చుని కాగితం ఎక్కించాడు.