ఆసు మీద తురుపు

ఆఫీసుకు రాగానే జవాబులమ్మ చేసే మొదటి పని మెట్లు లెక్కపెట్టడం. ఆ రోజు ఆరున్నాయి. నిన్న సాయంత్రం దిగేటప్పుడు ఆరున్నర ఉన్నాయని ఆమెకు బాగా గుర్తు. "తెల్లారేసరికి సగం మెట్టు మింగేశారు, వీళ్ళ కడుపులు చల్లగుండ" అని గొణుక్కుంటూ ఎక్కింది.

అది స్తంభాల మీద లేచిన మేడ. కొత్తలో కింద బళ్ళు పెట్టుకుని, ఇరవై రెండు మెట్లెక్కి పైకి పోయేవారు. పైన తయారయ్యేది ఫోన్లో ఆడుకునే పేకాట. పేరు 'నాలుగు చేతులు'. ఆడినవాళ్ళు అభిప్రాయం రాసి, ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తారు. ఐదిస్తే మేడ వెంట్రుకవాసి లేచేది. ఒకటిస్తే గోరంత భూమిలోకి దిగేది. ఒకటిచ్చేవాళ్ళే ఎక్కువ కాబట్టి పద్నాలుగు నెలల్లో పదహారు మెట్లు పోయాయి. కొరియరు మనిషికి మోకాళ్ళు బతికాయి. తన బోర్డు ఇప్పుడు వెనక వీధికి కూడా కనబడుతోందని ఎదురు మందులషాపాయనకి సంతోషం. యజమాని తన పాత స్కూటరు తియ్యడం ఒక్కరోజు ఆలస్యం చేశాడు. అదీ మేడతో పాటు మట్టిలోకి పోతోంది. ఆ విషయం ఆయన ముందు ఎవరూ ఎత్తరు.

ఆట సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, నలుగురు కూర్చుంటారు, ఎదురెదురు వాళ్ళు ఒక జత. తలో ముక్కా వేస్తారు. పెద్ద ముక్క వేసినవాళ్ళు ఆ నాలుగూ లాక్కుంటారు. దాన్ని పట్టు అంటారు. ఒక రంగుని తురుపు అనుకుంటారు. వేసిన రంగు చేతిలో లేనివాళ్ళు తురుపు కొట్టి, అన్నిటికంటే పెద్ద ముక్కైన ఆసునైనా పడగొట్టవచ్చు. ఫోన్లో మనిషి ఒక్కడే. తక్కిన ముగ్గురి ముక్కలూ ఫోనే వేస్తుంది, జతతో సహా. తంటా అంతా ఆ జతతోనే.

జవాబులమ్మ కంప్యూటరు తెరిచింది.

"ఒక్క నక్షత్రం. నా ఆసు గెలుస్తుంటే నా జతే దాని మీద తురుపు కొట్టాడు. వీడు నా జతా, నా పగవాడా?"

"ఒక్క నక్షత్రం. ముక్క వేసేలోపు సబ్బు కొనమని మూడుసార్లు అడిగారు. నేను స్నానం చేస్తాను, మీకెందుకు?"

"రెండు నక్షత్రాలు. ఒకటి బొమ్మలకి, ఒకటి నా ఓపికకి."

"ఒక్క నక్షత్రం. ఎనిమిది వందల ఆటలాడాను. పరమ చెత్త ఆట. రేపు ఇంకా వివరంగా రాస్తాను."

ఆమె దగ్గర పద్నాలుగు రెడీమేడ్ జవాబులుండేవి, అంకెలు వేసి. నాలుగోది: మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. తొమ్మిదోది: మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మా బృందం పరిశీలిస్తోంది. బృందమంటే మూల గదిలో కూర్చునే లెక్కలాయన. ఆటని తయారు చేసింది ఆయనే. ఆయన అభిప్రాయాలేవీ చదివేవాడు కాదు. చదివితే లెక్క చెదురుతుందనేవాడు.

"సార్, ఇవాళ కూడా ఆసు మీద తురుపు గొడవే. పదకొండు మంది" అంది జవాబులమ్మ, ఆయన తలుపు దగ్గర నిలబడి.

"పెద్ద ముక్క ఉంటే వేస్తుంది, వేస్తే గెలుస్తుంది. లెక్క సరిగ్గానే ఉంది మేడమ్. తప్పెక్కడుందో చూపించమనండి."

ఆమెకి చూపించడం రాదు. పుట్టింట్లో పేకముక్క కనిపిస్తే పొయ్యిలో వేసేవారు. ఆమె జన్మలో పేక పట్టలేదు. వచ్చి తొమ్మిదో జవాబు పదకొండుసార్లు అతికించింది.

అందరిలోకీ ఆమె ప్రాణం తీసేది 'కళావరు రాణి' అనే పేరుతో రాసే మనిషి. మిగతావాళ్ళు ఒకసారి తిట్టి ఊరుకుంటారు. ఈవిడ రాసినదాన్నే రోజుకి నాలుగుసార్లు దిద్ది మళ్ళీ పెడుతుంది, పెట్టిన ప్రతిసారీ మేడ గోరంత దిగుతుంది. "ఒక్క నక్షత్రం. జత బుద్ధి మారలేదు. జవాబు రాసేవాళ్ళ బుద్ధీ మారలేదు. బృందం పరిశీలిస్తోందట. ఆ బృందానికి కళ్ళజోడు నేను కొనిపెడతాను, అడ్రసు చెప్పండి. ఈ జవాబులు రాసే మనిషెవరో తడిసిన అట్టముక్క."

తడిసిన అట్టముక్క అనే మాట చూసినప్పుడే, మూడో నెలలో, జవాబులమ్మకి ఆవిడెవరో తెలిసిపోయింది. లోకంలో ఆ తిట్టు తిట్టే మనిషి ఒక్కతే. ఆ ఉదయమే కుళాయి బాగుచెయ్యడానికొచ్చినవాణ్ణి ఆ మాటే అని పంపించింది. ఆవిడ జవాబులమ్మ అత్తగారు.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేకపోయింది, ఎందుకంటే అప్పటికే చాలా దూరం వచ్చేసింది. కోడలు కంప్యూటరు ఆఫీసులో ఉత్తరాలు చూస్తుందని మాత్రమే అత్తగారికి తెలుసు. రోజూ సాయంత్రం టీ దగ్గర ఫోను ముందు పెట్టి, "చూడు, వీళ్ళ మొహం మండ, మళ్ళీ అదే జవాబు" అని చదివి వినిపించేది. జవాబులమ్మ మొదట్లో సంగతి తెలియక, "అవునత్తయ్యా, ఎవరో బొత్తిగా పనికిమాలిన మనిషి" అని తాళం వేసింది. ఇప్పుడు ఆ పనికిమాలిన మనిషిని నేనేనని ఏ నోటితో చెప్పడం? అత్తగారి మీద ఒళ్ళు మండేది. తన మీద అంతకంటే ఎక్కువ మండేది.

ఆవిడకైనా వేరే కాలక్షేపం లేదు. ఒకప్పుడు ముగ్గురు స్నేహితురాళ్ళతో మధ్యాహ్నమంతా పేకాడేది. తర్వాత మోకాళ్ళు పోయాయి. నాలుగు మెట్లకు మించి ఎక్కలేదు. వాళ్ళ ఇళ్ళన్నీ మేడల మీదే. కోడలికి నలభై మూడో ఏట, పన్నెండు చోట్ల కాదనిపించుకున్నాక ఈ ఉద్యోగం వచ్చినప్పుడు, ఆమె బల్ల చూస్తానని ఆవిడ ఆటోలో వచ్చింది. ఇరవై రెండు మెట్లలో నాలుగెక్కి కూర్చుండిపోయింది. "పోనీలే, నీ బల్ల ఎలా ఉంటుందో ఊహించుకున్నాను" అని వెనక్కి వెళ్ళిపోయింది. సొరుగూ, ఆ సొరుక్కి సొంత తాళం చెవీ ఉన్న బల్ల అది. జవాబులమ్మ జీవితంలో తనదంటూ తాళం వేసుకున్నది అదొక్కటే.

మరో మూడు వారాలకి మేడ ఒక్క మెట్టు మీద నిలబడింది. వానలు మొదలయ్యాయి. యజమాని అందరినీ పిలిచి గుమ్మంలో చేరిన తడి చూపించాడు.

"ఇంకొక్క మెట్టు. అదీ పోతే నీళ్ళు లోపలికొస్తాయి, వైర్లన్నీ కిందే ఉన్నాయి. ఆ రోజుతో మూసేస్తాను. ఎవరి దారి వాళ్ళు చూసుకోండి."

"ఆ జతని కాస్త మార్చి చూడమనండి సార్" అంది జవాబులమ్మ.

"తప్పు చూపిస్తే మారుస్తాను" అన్నాడు లెక్కలాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆమె సొరుగు తెరిచి, మూసి, తాళం వేసి, ఇంటికి వెళ్ళింది. కాళ్ళు చేతులు కడుక్కుని టీ పెట్టి అత్తగారి ముందుంచింది.

"ఇందులో పంచదార వేశావా, వేశాననుకున్నావా?" అంది అత్తగారు.

జవాబులమ్మ బుర్ర అప్పటికే పనిచెయ్యడం మానేసింది. నోరు మాత్రం పద్నాలుగు నెలల అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోయింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా బృందం పరిశీలిస్తోంది."

వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. అత్తగారు కప్పు కింద పెట్టింది.

"ఈ ముక్క నాకు నూటయాభై సార్లు వచ్చింది" అంది మెల్లగా. "నువ్వా?"

"నేనే అత్తయ్యా."

"ఆ మనిషిని నేను తడిసిన అట్టముక్క అంటుంటే పక్కన కూర్చుని తలూపావే?"

"ఊపాను."

"పనికిమాలిన మనిషి అని నువ్వు కూడా తిట్టావు."

"తిట్టాను. ఏం చెయ్యమంటారు? జత ఆడేది నేను కాదు, మార్చేది నేను కాదు, తప్పు చూపిస్తేనే మారుస్తానంటాడు మా లెక్కలాయన, తిట్లు తినేది మాత్రం నేను. మీరిచ్చే ఒక్కో నక్షత్రానికీ మా ఆఫీసు దిగిపోతోంది. ఇంకొక్క మెట్టే మిగిలింది. అదీ పోతే మూసేస్తారు. నా బల్ల పోతుంది." చెబుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది.

అత్తగారు ఆ ఏడుపు కాసేపు చూసింది. ఓదార్చడం ఆవిడకి ఎప్పుడూ సరిగ్గా చేతకాదు.

"ఒక్క మెట్టే ఉందా?" అంది.

"ఒక్కటే."

ఆవిడ పంచదార లేని ఆ టీ ఆఖరి చుక్క దాకా తాగేసింది.

మర్నాడు పొద్దున్న జవాబులమ్మ చెప్పులేసుకునేసరికి, ఇస్త్రీ చీరలో, చేతికర్రతో, భుజానికి సంచీతో గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఇద్దరూ ఆటోలో బయల్దేరారు. ఆఫీసు ముందు ఆవిడ కర్ర ఆనించి, ఒక కాలు, తర్వాత రెండో కాలు, ఉన్న ఒక్క మెట్టూ ఎక్కి లోపలికొచ్చేసింది. నేరుగా కోడలి బల్ల దగ్గరికెళ్ళి, తాళం తీయించి, సొరుగు లాగి చూసి, నెట్టింది.

"నేను ఊహించుకున్నదానికంటే చిన్నది" అంది. ఆ మాట అన్నాక కూడా చెయ్యి బల్ల మీంచి తియ్యలేదు.

తర్వాత ఆవిడ అందరికీ వినబడేలా అడిగింది. "జతకి ఆట నేర్పిన మహానుభావుడు ఎవరు నాయనా?"

లెక్కలాయన మూల గదిలోంచి తొంగి చూశాడు. ఆవిడ సంచీలోంచి పేక తీసి బల్ల మీద పెట్టింది. నలిగి మెత్తబడిన పాత పేక; కళావరు రాణి నడుముకి టేపు అతికించి ఉంది. "తప్పు చూపించమన్నావట, కూర్చో" అంది. కోడల్ని తనకెదురుగా కూర్చోబెట్టుకుంది. యజమానినీ లెక్కలాయననీ జత చేసింది. పెద్దావిడ పిలిచేసరికి ఇద్దరూ కుర్చీలు లాక్కుని వచ్చారు. లెక్కలాయన పేకని చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. ముక్కలు జారి కింద పడ్డాయి.

ఇస్పేటు తురుపన్నారు. నాలుగో పట్టుకి అత్తగారు కళావరు ఆసు దించింది. యజమాని చిన్నముక్క వేశాడు. జవాబులమ్మ చేతిలో కళావర్లు లేవు. ఇస్పేటు రాజు ఉంది. వేస్తే గెలుస్తుంది. ముగ్గురూ ఆమె వంక చూస్తున్నారు. ఆటంటే ఆమెకేమీ తెలియదు. కానీ పద్నాలుగు నెలల పాటు జనం తిట్లు పొల్లుపోకుండా చదివిన మనిషి ఆ గదిలో ఆమె ఒక్కతే. ఆసు మీద తురుపు కొట్టినందుకు ఎంతమంది ఎన్ని రకాలుగా మొత్తుకున్నారో ఆమెకి కంఠతా వచ్చు. ఎందుకూ కొరగాని డైమను నాలుగు తీసి మెల్లగా కింద పెట్టింది.

లెక్కలాయన తన ముక్క వేశాడు. పట్టు అత్తగారిది.

"మీ దగ్గర తురుపు లేదా మేడమ్?"

ఆమె ఇస్పేటు రాజుని చూపించింది.

"మరి వెయ్యలేదేం? గెలిచేవారు కదా."

"ఆ పట్టు అప్పటికే మాది సార్."

లెక్కలాయన ముక్కలు బోర్లా పెట్టాడు. "మాది" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "నేను ఎవరి పట్లు వాళ్ళ పేరు మీదే రాశాను. జత అని పేరు పెట్టాను గానీ లెక్కలో కలపలేదు." లేచి తన గదిలోకి వెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా రాలేదు.

నాలుగు రోజులకి కొత్త ఆట బయటికెళ్ళింది. మొదటి అభిప్రాయం ఎనిమిది వందల ఆటలాడినాయనది. "ఐదు నక్షత్రాలు. ఇవాళ నా జత చేతిలో తురుపు ఉంచుకుని కూడా నా ఆసుని బతకనిచ్చాడు. కళ్ళు చెమర్చాయి. సబ్బు గోల మాత్రం మానండి." మేడ వెంట్రుకవాసి లేచింది. ఆ తర్వాత వందలకొద్దీ వచ్చాయి. గుమ్మంలో తడి ఆరింది. రెండో మెట్టు బయటపడింది.

అత్తగారు ఆ రోజు నుంచీ కోడలితో పాటే ఆఫీసుకు వస్తోంది. కిటికీ దగ్గర ఆవిడకో కుర్చీ వేశారు. ఆటలో ఏ మార్పు చేసినా ముందు ఆవిడ చేతికిస్తారు. ఆవిడ ఆడి, లెక్కలాయనని పిలిచి, కడిగేస్తుంది. సాయంత్రం మందులషాపాయనా, కొరియరు మనిషీ వచ్చి, లెక్కలాయనతో కలిపి నలుగురై, అసలు పేక వేసుకుంటారు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ నవ్వు వీధిలోకి వినబడుతోంది.

ఒక ఉదయం ఆటో దిగేసరికి మూడో మెట్టు పూర్తిగా, నాలుగోది సగం పైకి వచ్చి ఉన్నాయి. అత్తగారు మూడో మెట్టు మీద ఆగి, మోకాలు పట్టుకుని నిలబడింది. జవాబులమ్మకి ఆ పాత ఇరవై రెండు మెట్లూ ఒక్కసారిగా కళ్ళ ముందు కనబడ్డాయి. ఆట ఇంత బాగుపడకపోయినా బాగుండేదని అనిపించి, భయం వేసింది.

పదకొండు గంటలకి తెర మీద కొత్త అభిప్రాయం పడింది.

"ఒక్క నక్షత్రం. ఆట బాగుంది. జత బాగా ఆడుతున్నాడు. మెట్లు మరీ ఎక్కువయ్యాయి. కళావరు రాణి."

మేడ గోరంత దిగింది. జవాబులమ్మ తలెత్తి చూసింది. కిటికీ దగ్గర అత్తగారు ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు వీధి చూస్తోంది. పద్నాలుగు జవాబుల్లో ఏదీ దీనికి పనికిరాదు. జవాబులమ్మ పదిహేనోది రాసింది: "దిద్దుతూ ఉండండి అత్తయ్యా."

ఇప్పుడు లోకమంతా ఐదేసి నక్షత్రాలిచ్చి మేడని పైకి లేపుతుంటే, ఒక్క మనిషి రోజూ కూర్చుని కిందికి దించుతోంది. మేడ రెండు మెట్ల మీద నిలిచిపోయింది. నక్షత్రాలూ పేర్లూ తప్ప కింద రాసినవి చదవని యజమానికి ఒక్కటే దిగులు.

"ఆ కళావరు రాణి ఎవరో కాస్త కనుక్కోండి మేడమ్" అన్నాడొకరోజు. "అందరికీ నచ్చింది, ఆవిడ ఒక్కతెకీ నచ్చలేదు. బతిమాలితే మానేస్తుందేమో. ఇంకొంచెం లేస్తే నా స్కూటరు పైకొస్తుంది."

జవాబులమ్మ సొరుగు మూసి, తాళం వేసి, చెవి కొంగున కట్టుకుంది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్" అంది. "మా బృందం పరిశీలిస్తోంది."