తాళంచెవి చెంప

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఆ తర్వాత భార్య కూడా పోయాక, ఇంట్లో చప్పుడన్నది లేకుండా పోతే ఆ లోటు తీర్చడానికా అన్నట్టు మాస్టారు ఒక స్క్రోల్ సా కొనుక్కున్నారు. బల్ల మీద పెట్టుకునే చిన్న మిషను అది. దారమంత సన్నని రంపపు బ్లేడు నిలువుగా బిగించి ఉంటుంది. స్విచ్చి వేస్తే కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ ఆడుతుంది. చెక్క పలకను రెండు చేతులా పట్టి నెమ్మదిగా తిప్పుకుంటూ పోతే ఎంత మెలికల ఆకారమైనా తెగి వస్తుంది. తొందరపడితే బ్లేడు పుటుక్కుమంటుంది. మాస్టారు తొందరపడే మనిషి కాదు కాబట్టి ఇద్దరికీ బాగానే పొసిగింది.

దాని మీద ఆయన చేసిన తాళంచెవుల ఆట మాత్రం వదినగారి కోసం. వదినగారంటే భార్యకు అక్క, పక్క వాటాలోనే ఉంటుంది. చూపు కొంచెం కొంచెంగా మసకబారుతూ వచ్చి చివరికి పూర్తిగా పోయింది. దాంతో గడప దాటడమూ మానేసింది. చూపు లేనివాళ్లు కొందరు ఆదివారం సాయంత్రాలు లైబ్రరీ పక్క గదిలో చేరి కాలక్షేపం చేస్తారని విని, వెళ్లమని మాస్టారు ఎంత పోరినా "ఉత్త చేతులతో ఎలా పోను" అని తప్పించుకునేది. ఆ చేతుల్లో ఏదో ఒకటి పెడదామని ఆయన ఈ ఆట చేశారు.

ఒక గుడ్డసంచి నిండా చెక్క తాళంచెవులు. అన్నీ ఒకే పొడవు, ఒకే తల. తేడా అంతా పళ్లలోనే. ప్రతిదానికీ ఒక కవల ఉంటుంది. ఒకటి పైకి తీసి, పళ్లు తడిమి, సంచిలో చెయ్యి పెట్టి దాని కవలను పట్టుకోవాలి. కవలలు వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలంటే విడివిడిగా కోస్తే కుదరదు. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో ఎక్కడో ఒకచోట రెండువైపులా అంటుకునే టేపు ముక్క వేసి, కలిపి కోయాలి. కోశాక పలచని చాకు దూర్చి విడదీయాలి. అప్పుడే వస్తుంది చిక్కు. టేపు ఊరికే రాదు, చెక్క మీది సన్నని పోగుల్ని పీక్కుని మరీ వస్తుంది. మాస్టారు ఆ చోట గరుకు కాగితంతో కాస్త రుద్ది, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. కంటికి ఏమీ ఆనలేదు. సరే అనుకున్నారు.

కంటికి ఆనకపోవడం ఆ ఆటలో లెక్కలోకి రాదని ఆయనకు అప్పుడు తట్టలేదు.

వదినగారు కొన్ని ఆదివారాలు బుద్ధిగా వెళ్లింది. ఆ తర్వాత ఒక ఆదివారం మాస్టారు తయారై వచ్చేసరికి కుర్చీలోంచి లేవలేదు.

"ఒంట్లో బాలేదా వదినగారూ?"

"ఒళ్లు దివ్యంగా ఉంది. వేళ్లే మొద్దుబారిపోయాయి."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు. వాళ్లు చెయ్యి అలా పెట్టి ఇలా తీసేస్తారు. నేనేమో ఒకటో పన్ను, రెండో పన్ను అనుకుంటూ పళ్ల డాక్టర్‌లా కూర్చుంటాను. అందరూ మాటలాపి నా కోసం ఆగుతారు. ఆ ఆగడం ఉంది చూశారూ, అది నేను భరించలేను మరిదిగారూ."

"మీరు కొత్త కదా. వాళ్లు పుట్టినప్పట్నుంచీ వేళ్లతో చూస్తున్నవాళ్లు."

"అదే చెబుతున్నా. నాకిప్పుడు కొత్త వేళ్లు మొలవవు."

"పోనీ, పళ్లు కాస్త పెద్దవిగా కోసి..."

"నా ఒక్కదానికే పసిపిల్లల చెంచా వేసినట్టా? వద్దు. సంచి అక్కడే వదిలేసి వచ్చాను. ఆడుకునేవాళ్లు ఆడుకుంటారు, నేనింక వెళ్లను."

ఆమె విసుక్కుని ఉంటే మాస్టారికి ధైర్యంగా ఉండేది. విసుగుకు సమాధానం చెప్పొచ్చు. వంట గదిలో పాలు చల్లారాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఈసారి కూలబడితే మళ్లీ లేవదని ఆయనకు అర్థమైంది.

ఆ వారంలోనే, ఆదివారం ఆటకు వచ్చేవాళ్లలో ఒకరైన ఆపరేటర్ గారు సంచి పట్టుకుని వచ్చారు. పుట్టుకతోనే చూపు లేని మనిషి. పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి నడిపి రిటైరైనా, ఆ పిలుపు మాత్రం రిటైరు కాలేదు. కర్రతో గడప కొలుచుకుని లోపలికొచ్చి, సంచి గలగలలాడించారు.

"అక్కయ్యగారి సొత్తు అక్కయ్యగారికి. మీరు రాకపోతే మాకు గెలిచినా రుచి లేదండీ."

"గెలిచేవాళ్లకు రుచితో పనేముంది," అంది వదినగారు మూలనుంచి.

టీ వచ్చింది. మాటల మధ్య ఆపరేటర్ గారు ఊసుపోక సంచిలోంచి ఒక తాళంచెవి తీశారు. బొటనవేలు దాని మీద ఒక్కసారి పారించారు. చెయ్యి లోపల పెట్టి కవలను తీసి బల్ల మీద పడేశారు. రెండు గుక్కల మధ్య జరిగిపోయింది. మాస్టారు గ్లాసు కింద పెట్టారు. ఆ బొటనవేలు పళ్ల వైపే పోలేదు.

"ఆపరేటర్ గారూ, మీరు పళ్లు తడమరా?"

"పళ్లెందుకండీ, ఈ చదును చెంప మీద పుట్టుమచ్చ పెట్టారుగా. దీనికి తల దగ్గర, ఇంకో జంటకి తోక దగ్గర. మేమంతా అనుకున్నాం, మాస్టారు బుర్రున్న మనిషి, మన వేళ్లకు తగ్గ ఆట చేశారని."

"అది నేను పెట్టలేదండీ."

"మరెవరు పెట్టారు?"

"టేపు."

సంగతంతా విని ఆపరేటర్ గారు టీ ఒలికేలా నవ్వారు. వదినగారు నవ్వలేదు.

"నాతో ఒక్కరూ అనలేదే," అంది.

"మీ ఇంటి ఆట, మీకు తెలియదనుకుంటామా? పైగా మీరు అంతసేపు పళ్లన్నీ నిమురుతుంటే, పాపం అక్కయ్యగారు మర్యాదకి మనల్ని గెలిపిస్తున్నారనుకున్నాం."

"అంటే అక్కడ పళ్లు చదివింది నేనొక్కదాన్నేనా?"

"ఒక్కరే. ఇప్పుడు తెలిసిందిగా, వచ్చేవారం మీరూ చెంప చూడండి, సరిపోతుంది."

"తాళంచెవి అన్నాక పళ్లు చూడాలి. చెంప చూసి ఎవరైనా తలుపు తీస్తారా?" ఆమె మాస్టారి వైపు తిరిగింది. "మచ్చ పడకుండా కోయగలరా మరిదిగారూ?"

"కోస్తే వెళతారా?"

"ముందు కోయండి."

మర్నాటి నుంచి ఆమె కుర్చీ మిషను పక్కకి వచ్చింది. ఆయన పనికిరాని ముక్కలు కోసి ఇవ్వడం, ఆమె వేలితో పరీక్షించి పెదవి విరవడం. మచ్చ పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది ఇచ్చారు. "మచ్చ పోయింది, గుంట వచ్చింది," అంది. పలకల మధ్య టేపు మానేసి, అంచుల చుట్టూ మాత్రం చుట్టి కోశారు. చివరికొచ్చేసరికి అంచు తెగిపోయి పై పలక జారింది.

"ఇవి కవలలు కావు మరిదిగారూ, పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ."

అప్పుడు మాస్టారికి మాస్కింగ్ టేపు గుర్తొచ్చింది. కిటికీలకు రంగు వేసేవాళ్లు అద్దానికి అంటిస్తారే, కాగితం లాంటిది. మళ్లీ ఊడిరావడానికే పుట్టిన టేపు అది. పలకలు రెండింటి మీదా ముందు దాన్ని పరిచి, జిగురు టేపును ఆ రెండు కాగితాల మధ్య వేశారు. లాగుడూ పీకుడూ ఏదున్నా టేపూ టేపూ చూసుకుంటాయి, చెక్క జోలికి రావు. పలక జారలేదు, కోత చక్కగా వచ్చింది. చీకటి పడిందని దాన్ని అలాగే వదిలేసి, మర్నాడు ఎండ కిటికీలోకి వచ్చాక తీరిగ్గా ఒలిచి ఇచ్చారు.

"జిడ్డు. ఈగ వాలితే లేవదు."

వేడికి జిగురు దిగిందన్నమాట. మళ్లీ కోశారు. ఈసారి మిషను ఆపీ ఆపగానే, టేపును పైకి లాగకుండా వెనక్కి మడిచి, చెక్క నార ఎటు వాలితే అటే, పడుకున్న పిల్లల మీంచి దుప్పటి తీసినంత నెమ్మదిగా ఒలిచారు.

ఆమె రెండు ముక్కలూ తీసుకుని బొటనవేలితో తడిమింది. చిటికెన వేలితో తడిమింది. చివరికి చెంపకు ఆనించుకుని కూడా చూసింది.

"ఎక్కడ దాచారు?"

"ఏమిటి?"

"మచ్చ."

"లేదు వదినగారూ. నిజంగానే లేదు. ఉంటే మీ వేలు వదిలేదా? ఇన్నాళ్లూ నేను చూడలేనివన్నీ పట్టింది అదే కదా."

ఆమె తన వేళ్లను ఒకదానితో ఒకటి రాసుకుంది, వాటి సంగతి ఇప్పుడే విన్నట్టు. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చివర చెల్లెలికున్న విరుపే ఉంది. మాస్టారి ముఖంలో ఏం కదిలిందో చూసేవాళ్లు ఆ గదిలో లేరు. అదీ ఒక మేలే అనుకుని ఆయన తీరిగ్గా కళ్లు తుడుచుకుని, తర్వాతి పలకలకు టేపు అంటించారు.

ఆదివారం ఆ గది మునుపెన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. గోడవారన కూర్చున్న మాస్టారికి సంచిలో చెక్కలు కదిలే చప్పుడు, నిట్టూర్పులు తప్ప ఏమీ వినపడలేదు.

"చెంపలు నున్నగా గీసేసి కూర్చోబెట్టారేమిటండీ," అని ఆపరేటర్ గారు సణిగారు. "ఏది ఎవరో తెలిసి చావట్లేదు."

"పళ్లున్నాయి కదా," అంది వదినగారు.

ఆమె గెలవలేదు. ఆ వేళ్లన్నీ ఆమె వేళ్లకంటే పాతకాపులు, కాసేపటికే దారి పట్టాయి. కానీ ఆమె కోసం ఆగినట్టే ఆపరేటర్ గారి కోసమూ ఆగారు, ఆయన పక్కన ఉన్నావిడ కోసం ఇంకా ఎక్కువసేపు ఆగారు. రెండో ఆట మొదలయ్యాక వదినగారు తల తిప్పింది.

"మరిదిగారూ, మీరింకా ఇక్కడే ఉన్నారా? మీ ఊపిరి వినిపిస్తోంది."

"మిమ్మల్ని తీసుకెళ్లాలి కదా."

"ఆపరేటర్ గారు దింపుతారు. మీరు వెళ్లి భోంచేయండి."

"నేనా?" అన్నారు ఆపరేటర్ గారు సంచిలోంచి చెయ్యి తీయకుండా. "ఈ ఆట తేలేసరికి తెల్లారుతుందండీ."

మాస్టారు లేచి కండువా సర్దుకున్నారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది, ఎవరినో మెత్తగా కసురుతూ.

"ఎందుకంత కంగారు, నెమ్మదిగా తడమండి. మేం ఆగుతాంగా."

ఆయన ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి, ఒంటరిగా ఇంటిదారి పట్టారు.