పక్క కుర్చీ

జాస్మిన్ అమలాపురంలో ఫిజిక్స్ లెక్చరర్. ఢిల్లీలో కరెంటు వస్తువులకు ప్రమాణాలు రాసే కమిటీలో, వినియోగదారుల సంఘం తరఫున సభ్యురాలు కూడా. తయారీదార్లు పదిమంది కూర్చునే చోట కొనేవాళ్ళ తరఫున మాట్లాడేది ఆమె ఒక్కతే. ఈసారి చర్చ నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్ల మీద.

మీటింగుకి ముందురోజు ఆమె బండారులంక వెళ్ళింది. అక్కడ దుర్గాసాయి అనే నేతగాడి భార్య కుసుమ, నీళ్ళు కాగాయో లేదో చూద్దామని బకెట్లో చెయ్యి పెట్టి, షాకు కొట్టి పోయింది. ఆ రాడ్డు ఇంకా గోడకి వేలాడుతూనే ఉంది.

"గవర్నమెంటు మార్కు చూసే కొన్నామండీ," అన్నాడు దుర్గాసాయి. "ముట్టుకునే ముందు స్విచ్ కట్టెయ్యాలని దాని మీద రాసుందంటండి. ఇంగ్లీషులో! మాకేం తెలుస్తుందండీ?"

మర్నాడు మధ్యాహ్నం జాస్మిన్ గది తలుపు వేసుకుని ఆన్‌లైన్ మీటింగుకి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నీళ్ళలోకి కరెంటు లీకవగానే రాడ్డు తనంతట తనే ఆగిపోవాలనీ, హెచ్చరిక జనం భాషలో, బొమ్మతో ఉండాలనీ కోరింది.

"రేటు పెరిగితే కొనేవాళ్ళకే కష్టం మేడమ్," అన్నాడు తయారీదార్ల ప్రతినిధి మురళీమోహన్. "హెచ్చరిక ఉండనే ఉంది. చదవకపోతే తప్పెవరిది?"

జాస్మిన్ నోరు తెరిచేలోపు అధ్యక్షుడు అడ్డొచ్చాడు. "ఒక్క నిమిషం. మీ పక్కనున్నావిడ ఇందాకటి నుంచీ చెయ్యెత్తే ఉన్నారు. ముందు ఆవిణ్ణి మాట్లాడనివ్వండి."

జాస్మిన్ పక్కకు చూసింది. ఖాళీ కుర్చీ. తెరమీద తన గడిలోనూ తనొక్కతే.

"ఇక్కడ ఎవరూ లేరండీ."

ఎవరూ నవ్వలేదు. మురళీమోహన్ తెర దగ్గరకు వంగాడు. "ఉన్నారు మేడమ్. తలారా స్నానం చేసొచ్చినట్టున్నారు. ఆ చెయ్యి... ఆ చేతికేమైందండీ?"

జాస్మిన్‌కి వీపు మీద చన్నీటి బొట్టు జారినట్టయింది. లేచి పారిపోవాలనిపించింది. లేస్తే ఆవిడ ఒక్కతే మిగిలిపోతుందని ఎందుకో తోచి, ఉండిపోయింది. కుర్చీ వైపు చూడకుండా, కుసుమ ఎలా పోయిందో మొదటినుంచీ చెప్పింది. ఎక్కడైనా తప్పితే పక్కనుంచి ఎవరో దిద్దుతారేమోనన్నంత జాగ్రత్తగా చెప్పింది.

అధ్యక్షుడు మురళీమోహన్‌ని ఏమంటారని అడిగాడు.

"మాకు అభ్యంతరం లేదు," అన్నాడు మురళీమోహన్ తల దించుకుని. ఆమె అడిగిన రెండూ ప్రమాణంలో చేరాయి.

ఆదివారం చర్చి నుంచి నేరుగా బండారులంక వెళ్ళి దుర్గాసాయికి ఆ మాట చెప్పింది, కుర్చీ సంగతి తప్ప.

"మంచిదండీ. ఇక ముందు కొనేవాళ్ళకి పర్లేదన్నమాట." గోడకున్న రాడ్డు వైపు చూస్తూ అడిగాడు. "ఇప్పటికే ఇళ్ళల్లో ఉన్న రాడ్ల సంగతేంటండీ?"

జాస్మిన్ ఆ ప్రశ్నతోనే వీధిలోకి వచ్చింది. ఆ వేళ మగ్గాల చప్పుడు కూడా లేదు. ఎదురింటి కిటికీలోంచి ఒక తీగ వాకిట్లోని బకెట్లోకి దిగి ఉంది. నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. ఒకామె కుచ్చిళ్ళు దోపుకుని బకెట్ మీదకు వంగుతోంది.

"అమ్మా, చెయ్యి పెట్టకండి! ముందు స్విచ్ కట్టెయ్యండి!" అని అరిచింది జాస్మిన్.

ఆమె ఉలిక్కిపడి ఆగింది. "ఆయ్, కట్టేస్తానండీ," అంటూ లోపలికెళ్ళింది. స్విచ్ చప్పుడు వినబడేదాకా జాస్మిన్ కదలలేదు. తర్వాత పక్కింటి తలుపు తట్టింది.