గీకి పారేసిన సుంకమ్మ

ధర్మవరంలో తెల్లవారిందని చెప్పేది మగ్గాల చప్పుడే. ఆ చప్పుడు వింటూనే మారెక్క పొయ్యి ముట్టించి, సంగటి కెలికి, కూతురు సుంకమ్మను లేపేది. సుంకమ్మ రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుడితే, తండ్రి ఎర్రిస్వామి మగ్గం గుంతలోకి కాళ్ళు దించి చీర నేసేవాడు. పదిహేనేళ్ళ పిల్ల. ఎండకు కాగిన ఒళ్ళు, కండ పట్టిన చేతులు, నోటి కింద అచ్చం అవ్వదే అయిన గుండ్రటి గదవ. పనెంత చేసేదో తిండీ అంతే తినేది.

ఆ వీధివాళ్ళకు ఫోటో అంటే కుళ్ళాయప్ప స్టూడియోనే. నెగటివు మీద సన్నకత్తితో, పెన్సిలుతో ఆయన ఏది తీసేస్తే అది బల్ల కింద రాలేది. పెళ్ళికూతుళ్ళ నలుపు, ముసలివాళ్ళ ముడతలు, ఎవరిదో మెల్లకన్ను. సాయంత్రం ఆయన పెళ్ళాం బయమ్మ అదంతా ఊడ్చి మోరీలో పోసేది. మంగలి అంగట్లో వెంట్రుకలు పడవా, ఇదీ అంతే. దాని గురించి ఎవరూ నోరు తెరిచి అడిగింది లేదు.

ఎనభై మూడో సంవత్సరంలో బజారులోని పట్టుచీరల సావుకారికి క్యాలెండరు వేయించాలని బుద్ధి పుట్టింది. ఎర్రిస్వామి నేసిన చీరను ఎర్రిస్వామి కూతురికే కట్టి ఫోటో తీయించాడు. మారెక్క పొంగిపోయింది. ఊరి కళ్ళన్నీ పిల్ల మీద పడతాయని బుగ్గన కాటుకతో దిష్టిచుక్క పెట్టి మరీ పంపింది.

క్యాలెండరు వచ్చింది. చీర ఎర్రిస్వామిదే, అంచులో నెమళ్ళూ ఆయనవే. లోపలున్న మనిషే వేరు. పిండి రంగు, పిడికిట్లో పట్టే నడుము, గదవ ఉందో లేదో తెలియదు. మచ్చ ఒక్కటీ కనపడకూడదన్నాడట సావుకారి. తల్లి పెట్టిన దిష్టిచుక్కను కూడా మచ్చల లెక్కలో వేసి గీకేశాడు కుళ్ళాయప్ప!

ఆ బొమ్మ ఇంటింటా గోడకెక్కింది. వీధిలో ఆడపిల్లలు పట్టుపోగు తెంపి నడుములు కొలుచుకోవడం మొదలుపెట్టారు. వానల్లేక, పండింది చాలక, గింజ గింజా ఏరుకున్న ఇళ్ళు అవి. ఆ ఇళ్ళలో పిల్లలు తట్టలో పెట్టిన కూడు వద్దన్నారు. ఆకాశం మాడ్చింది చాలదని ఒక కాగితం కూడా మాడ్చాలా? అందరికంటే ముందు తిండి మానింది సుంకమ్మే.

"ఎవుర్ని చూసి కుళ్ళుకుంటాండావే? ఆ బొమ్మ నువ్వే గదా!" అంది మారెక్క.

"అందుకేమా. అది నేనే అని ఊరంతా తెలుసు. నన్ను ఎదురుగా చూసి నవ్వుతాండారు."

ముద్ద సగమైంది. ఆ సగమూ పోయి గుక్కెడు మజ్జిగ మిగిలింది. ఒకనాడు పిల్ల రాట్నం మీదికే ఒరిగిపోయింది. ఎర్రిస్వామి మగ్గం వదిలేసి డాక్టరును పిలుచుకొచ్చాడు. "ఇట్లే తినకుంటే పిల్ల దక్కదు" అని చెప్పి పోయాడాయన.

మారెక్క కొంగు బిగించి తిన్నగా స్టూడియోకు పోయింది.

"ఏమప్పా కుళ్ళాయప్పా, నా బిడ్డ నడుము యాడ పెట్టినావు?"

"నాదేముందక్కా, సావుకారి చెప్పినాడు, చేసినా. అందరికీ చేసేదే గదా."

"కరువులో నా నోరు కట్టుకోని పెంచిన కండ అది. గీకేకి నీకు చెయ్యెట్లా ఆడింది? నీ కూతురైతే గీకుతావా?"

బయమ్మ లోపలికి పోయి ఒక మూట తెచ్చింది.

"నీ బిడ్డ ఫోటో గీకిన పొద్దు చీపురుకు బరువుగా తగిలిందక్కా. మోరీలో పోసేకి మనసు రాలే. ఎత్తిపెట్టినా."

మూట వెచ్చగా ఉంది. పాలు మరిచిన పిల్లంత బరువుంది. మారెక్క దాన్ని చంకనెత్తుకుని, సావుకారి ఏడుతరాలనూ తిట్టిపోస్తూ బజారు పొడవునా నడిచింది. ఎవరూ ఆమెకు అడ్డం రాలేదు.

ఇంట్లో మూట విప్పి కూతురి ఒళ్ళో పెట్టింది. చేతుల నలుపు, తుంటి కండ, అవ్వ గదవ, వాటి నడుమ తను పెట్టిన కాటుక చుక్క. సుంకమ్మ ఒక్కొక్కటీ తడిమి చూసింది.

"ఇంత తీసినారామా నాలోంచి?"

"ఇంతా తీసినారు."

"ఇదంతా పోతే ఆడ మిగిలిందెవురు?"

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆ కోపం విన్నాక మారెక్కకు పోయిన ప్రాణం లేచివచ్చింది. సుంకమ్మ మూటను రొమ్ముకు హత్తుకుంది. ఎండిన చేను తొలివాన తాగినట్టు ఒళ్ళు దాన్ని తాగేసింది. కాసేపటికి తలెత్తి, "ఆకలైతాందిమా" అంది.

మరునాడు ఊళ్ళో క్యాలెండర్లన్నిటిలోనూ చీర ఒక్కటే నిలబడి ఉంది. లోపల మనిషి లేదు. సావుకారి రొప్పుతూ వచ్చేసరికి సుంకమ్మ తింటూ ఉంది, వీధిలో పిల్లలంతా వాకిట్లో మూగి చూస్తున్నారు.

"వట్టి చీరను చూసి ఎవురు కొంటారు పిల్లా? ఇంగొకసారి వచ్చి నిలబడు. ఈ తూరి రవ్వంతే తీపిస్తాలే" అన్నాడు.

సుంకమ్మ నోట్లో ముద్ద నిదానంగా మింగింది.

"రవ్వంత గూడా ఇయ్యను పో, సామీ. నాదంతా నాకు కావల్ల."