మునసబుగారి పథ్యం

అత్తగారు మోకాలి ఆపరేషన్ కోసం కూతురుండే ఊరు వెళ్ళిన దగ్గరినుంచి ఆ ఇంట్లో మాటలు కరువయ్యాయి. తల్లికి తోడుగా కొడుకూ వెళ్ళాడు. ఇక ఇంట్లో మిగిలింది మామగారు, కోడలు, ఒక పిల్లి.

మామాకోడళ్ళ మధ్య గొడవలేం లేవు. అలాగని మాటలూ లేవు. ఆయనకు ఏం కావాలన్నా భార్యతో చెప్పేవాడు, ఆవిడ కోడలితో చెప్పేది, జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి వెళ్ళేది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి అలాగే గడిచిపోయింది. ఇప్పుడు మధ్యలో ఆవిడ లేకపోయేసరికి ఇద్దరూ పిల్లిని పట్టుకున్నారు.

"ఏరా మునసబూ, కాఫీ అయిందా?" అని ఆయన హాల్లోంచి అడిగేవాడు.

"పొయ్యి మీదుందని చెప్పు మునసబూ" అని కోడలు వంటింట్లోంచి అనేది.

పిల్లి ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. అది అత్తగారి పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, వెడల్పాటి మొహం. కుర్చీలో దిండు మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరినీ శిస్తు బాకీ ఉన్నట్టు చూస్తుందని ఆవిడే దానికి ఆ పేరు పెట్టింది.

ఆ మునసబు ఉన్నట్టుండి నీళ్ళమీద పడ్డాడు. గిన్నె నింపడమే ఆలస్యం, అడుగంటా నాకేసేవాడు. బకెట్టు అంచు మీదికెక్కి తల లోపలికి పెట్టేవాడు. ఎంత తిన్నా వెన్నెముక చేతికి తగలడం మొదలైంది. కోడలికి అసలే ఒకచోట నిలకడ తక్కువ. అన్నం తింటూ మూడుసార్లు లేచే మనిషి. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. ఆ పని చేస్తున్నంతసేపే ఆమె కాళ్ళు కదలకుండా ఉండేవి. ఇప్పుడు మిషను ముందు కూర్చున్నా మనసు ఇంట్లో నీళ్ళగిన్నె చుట్టూ తిరుగుతోంది. సెలవు పెట్టి పిల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే మామగారు ఏమీ అడక్కుండానే చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

డాక్టరమ్మ రక్తం తీసి చూసి, "షుగరు" అంది.

"నాకు లేదు, మా ఆవిడకి లేదు. వీడికెక్కడినుంచి వచ్చిందండీ?" అన్నాడు మామగారు, ఎవరో అంటించినట్టు.

"పిల్లి మాంసం తినే జంతువండీ. మీరు పెట్టే పొడి తిండి గుళికల్లో పిండి ఎక్కువ. పైగా లావుగా ఉన్నాడు, రోజంతా కదలడు. పొద్దున ఒక ఇంజెక్షను, సాయంత్రం ఒకటి. తిండి పిండి తక్కువున్న తడి తిండికి మార్చాలి. కానీ ఒక్కసారే మొత్తం మార్చకండి. పిండి తగ్గితే ఒంట్లో షుగరూ తగ్గుతుంది. మందు మాత్రం అంతే వేశారనుకోండి, మరీ పడిపోతుంది. అది ప్రమాదం. ముందు ఒక్క పూట మార్చి నాకు చెప్పండి, రక్తం చూసి మందు తగ్గిస్తాను."

అప్పటికే మునసబు మామగారి చేతుల్లోంచి తప్పించుకుని బల్ల కిందికి దూకాడు. ఇద్దరూ వంగి వాడిని పట్టుకుంటూనే డాక్టరమ్మ మాటకు తలలూపారు. ఏ పూట మార్చాలని ఎవరూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన బండి కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ అత్తకి ఇప్పుడే చెప్పొద్దు. కట్టు విప్పనీ" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. పిల్లితో చెబుతున్నట్టు కాకుండా వాళ్ళిద్దరి మధ్య నేరుగా నడిచిన కొద్ది మాటల్లో అదొకటి.

మర్నాటినుంచి పని రెండు ముక్కలైంది. కోడలు తెల్లవారగానే బస్సెక్కేస్తుంది కాబట్టి పొద్దుటి తిండి, ఇంజెక్షను మామగారివి. సాయంత్రం ఆయన నడకకు వెళ్తాడు కాబట్టి ఆ పూట ఆమెది. మార్చమన్న ఒక్క పూట తనదేనని ఆమె నిశ్చయించుకుంది.

తిండి ఎంచుకోవడం తేలికేనని ఆమె అనుకుంది. జంతువుల సామాను అమ్మే దుకాణంలో ఒక గోడంతా డబ్బాలే. ప్రతి డబ్బా మీదా నవ్వుతున్న పిల్లి. ఏ డబ్బా మీదా పిండిపదార్థం ఎంతో రాసి లేదు. అమ్మే కుర్రది ఒక ఎర్ర డబ్బా తీసి, "ఇది హెల్దీ మేడం, అందరూ ఇదే తీసుకుంటారు" అంది.

కోడలు సంచీలోంచి భూతద్దం తీసింది. డబ్బా వెనక చీమతలకాయలంత అక్షరాలు. కోడిమాంసం, ఆ తర్వాత గోధుమపిండి, ఆ తర్వాత చక్కెర. "గ్రేవీ చిక్కబడటానికి వేస్తారు మేడం" అంది ఆ అమ్మాయి. షుగరు పిల్లికి చక్కెర పులుసన్నమాట! పక్కనున్న డబ్బాలో మాంసం మెత్తగా రుబ్బి గట్టిగా నొక్కి ఉంది, గ్రేవీ లేదు. తేమ, మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద అని అంకెలున్నాయి. అవన్నీ కూడి నూటిలోంచి తీసేస్తే మిగిలేదే పిండి అని డాక్టరమ్మ దగ్గరి సహాయకుడు చెప్పాడు. ఆమె ఒక డబ్బా లెక్కకట్టి పెట్టేది, ఇంకోటి తీసేది, మొదటిదాని లెక్క మర్చిపోయి మళ్ళీ మొదలెట్టేది. భోజన విరామం అయిపోయి కళ్ళద్దాల దుకాణంనుంచి ఫోనొచ్చింది. మరుసటి మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. చివరికి గ్రేవీ లేనిది, తీసేయగా దాదాపు ఏమీ మిగలనిది ఒక రకం ఏరి సంచీ నింపుకుంది.

మునసబు దాన్ని వాసన చూశాడు. ముందుకాలితో నేలను గీరి, కప్పెట్టాల్సిన వస్తువు అన్నట్టు గిన్నె చుట్టూ తిరిగాడు.

"తినరా నాయనా. దీనికోసం నేను రెండు పూటలు అన్నం మానేశాను" అని ఆమె వంటిల్లంతా తిరుగుతూ బతిమాలింది. కాసిని వేడినీళ్ళు కలిపి వేలికి రాసి మూతికి తగిలించింది. నాకాడు. ఆలోచించాడు. తర్వాత గిన్నె ఖాళీ చేశాడు. అలా అలవాటు పడ్డాడు. ఇంకొక వారం చూసి డాక్టరమ్మకు చెబుదామనుకుంది.

మామగారు కూడా సరిగ్గా అదే అనుకున్నాడని ఆమెకేం తెలుసు?

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. పనిలేకపోతే కాళ్ళు లాగుతాయి. కోడలు బస్సెక్కాక ఇల్లు ఆ చివరినుంచి ఈ చివరికి కొలిచేవాడు. డాక్టరమ్మ చెప్పిన ఒక్క పూట, పొద్దుటి పూటే కదా మరి, తనదే కదా అనుకుని, ఆసుపత్రి పక్కనే అమ్మే మెత్తటి తడి తిండి చిన్న డబ్బాలు తెచ్చి పనిముట్ల బీరువాలో పెట్టుకున్నాడు. ఖాళీవి నడకకు వెళ్తూ వీధి చివర చెత్తకుండీలో వేసేవాడు. అత్తగారు అలవాటు చేసిన చేప ఆకారం బిస్కెట్లు పిండిముద్దలని విని, వాటి బదులు ఎండబెట్టిన ఉత్త కోడిముక్కలు తెచ్చాడు. మునసబు కుర్చీ దిగి వచ్చి అడిగినప్పుడల్లా ఒకటి విరిచి పెట్టేవాడు.

ఈ సంగతి కోడలితో అనాలని ఆయనకు తోచకపోలేదు. "మునసబూ, చూశావా, నీకు పథ్యం కుదిరింది" అని రెండుసార్లు పిల్లితో అన్నాడు. ఆమె వింటుందనుకున్నాడు. ఆమె కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతోంది.

ఆ వారంలో ఒక రోజు కోడలికి సెలవు. పొద్దెక్కింది. ఆమె బట్టలు ఆరేస్తూ మధ్యలో వదిలేసి అల్మారా సర్దుతూ, అదీ వదిలేసి ఇల్లు తుడుస్తోంది. హాల్లో మామగారు పేపరు దించాడు. మునసబు కుర్చీ దిగి నడిచొస్తున్నాడు. వెనక కాళ్ళు ఒక పక్కకి జారాయి. నిలదొక్కుకున్నాడు, మళ్ళీ జారాడు. తల ఊగుతోంది. ఏళ్ళ తరబడి లిఫ్టు కదిలే తీరునుబట్టి జబ్బు పసిగట్టిన మనిషి, చూడగానే లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్!" అని గట్టిగా పిలిచాడు. "అమ్మాయ్, ఇటు రా! వీడి నడక తేడాగా ఉంది!"

ఆమె చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. పిల్లి నేలమీద పక్కకి ఒరిగిపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. డాక్టరమ్మకు ఫోను చేస్తుంటే వేళ్ళు ఒక అంకె మీద కొట్టబోయి ఇంకోదాని మీద పడ్డాయి.

"షుగరు పడిపోయినట్టుంది. తేనె ఉందా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ, తేనె లేదు, ఉండేది, అయిపోయింది..."

"చక్కెర నీళ్ళు చాలు. నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలితో చిగుళ్ళకి రాయండి. రాస్తూనే తీసుకొచ్చేయండి."

ఆమెకు చక్కెర డబ్బా ఎక్కడుందో గుర్తు రాలేదు. రోజూ తీసే డబ్బా. మామగారే తీసి, గోరువెచ్చటి నీళ్ళలో చిక్కగా కలిపి చేతికిచ్చాడు. టాక్సీలో ఆయన ఒళ్ళో తువ్వాలులో పిల్లి, పక్కన గిన్నెతో ఆమె. సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడల్లా ఆమె ముందు సీటు పట్టుకుని లేవబోయేది, తను లేస్తే బండి కదులుతుందన్నట్టు. వేలు ముంచడం, పెదవి ఎత్తడం, రాయడం. మళ్ళీ ముంచడం. ఉన్నట్టుండి "అబ్బా!" అంది.

"ఏమైంది?"

"కరిచాడు మామయ్యగారూ!"

"గట్టిగానా?"

"గట్టిగానే!"

"మంచిదమ్మా, మంచిది. కరవనీ" అన్నాడాయన.

ఆసుపత్రిలో మునసబు కాలికి సూది గుచ్చి గ్లూకోజు సీసా తగిలించారు. గండం గడిచిందన్నాక డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ, "తిండి ఎంత మార్చారు?" అని అడిగింది.

"ఒక్క పూటేనండీ" అన్నారిద్దరూ ఒకేసారి.

"ఏ పూట?"

"సాయంత్రం" అంది కోడలు. "పొద్దున" అన్నాడు మామగారు.

డాక్టరమ్మ ఆమెను చూసింది, ఆయన్ను చూసింది. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా?" అంది.

బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె కూర్చోలేదు. గోడదాకా వెళ్ళి వచ్చింది, తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి ఆయన ముందు ఆగి, "ఒక్క మాట చెప్పొచ్చుగా మామయ్యగారూ!" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది. ఆయనతో అంత గొంతెత్తడం అదే మొదలు.

"చెప్పొచ్చు" అన్నాడాయన. చాలాసేపు తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు. "నీతో ఏం మాట్లాడాలో నాకెప్పుడూ తెలీదమ్మా. మీ అత్త ఉంటే నడిచిపోయేది. నువ్వూ చెప్పలేదుగా?"

ఆమెకు కోపం ఇంకా దిగలేదు. అయినా వెళ్ళి బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది.

అంతలో ఆమె ఫోను మోగింది. వీడియో కాల్, అత్తగారు. కోడలి సెలవు రోజున ఆ వేళకు చేసి పిల్లిని చూపించమంటుంది. ఎత్తకపోతే ఇంకా కంగారు పడుతుంది. ఆమె ఎత్తింది, ఆయన పక్కనుంచి తల పెట్టాడు.

"ఇదేంటి, మామాకోడళ్ళు ఒక్కచోట కనిపిస్తున్నారు? ఎవరికేమైంది?" అంది అత్తగారు వెంటనే.

ఆయన నీళ్ళు నమిలాడు. కోడలు మొదలుపెట్టింది, ఆయన మధ్యలో అందుకున్నాడు, ఆమె సరిదిద్దింది, మొత్తం చెప్పేశారు. దిండుకు ఆనుకున్న ఆవిడ మొహం తెరమీద కదలకుండా ఉండిపోయింది. ఫోను ఆగిపోయిందేమోనని కోడలు తట్టి చూసింది.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు అత్తయ్యా. నన్ను కరిచాడు కూడా."

"ఇక్కడ వీళ్ళు నా మోకాలి సంగతి నాకు నిజం చెప్పరు. అడిగితే 'అంతా బాగుంది, నువ్వు పడుకో' అంటారు. మీరు కనీసం పిల్లి సంగతైనా నిజం చెప్పండి" అంది ఆవిడ. కళ్ళు తుడుచుకుని, అదే ఊపులో, "ఇంతకీ ఏ డబ్బా పెడుతున్నారు? చూపించండి" అంది.

మందు సగానికి పైగా తగ్గించి, రెండు పూటలా తడి తిండే పెట్టమని పంపారు. తిరిగి ఇల్లు చేరాక కూడా ఇద్దరికీ కాలు నిలవలేదు. ఒకరు కూర్చుంటే ఒకరు లేచి వాడి ఊపిరి చూసేవారు. ఆ తర్వాతి రోజుల్లో ఆయన పనిముట్ల బీరువాలోని కోడిముక్కల పాకెట్టు వంటింట్లోకి వచ్చింది. ఇంట్లోకి ఏ కొత్త డబ్బా వచ్చినా బల్లమీద పెట్టి ఇద్దరూ దెబ్బలాడుకునేవారు.

"తిండిలో బూడిదేంటమ్మా? డబ్బులిచ్చి బూడిద కొనుక్కోవడమేంటి?"

"నిజం బూడిద కాదు మామయ్యగారూ, ఖనిజాలు. అది కూడా తీసేయాలి లెక్కలోంచి."

"బూడిదలో పోసిన పన్నీరని ఊరికే అన్నారా!"

ఆ జోకుకు ఆమె నవ్వలేదు. ఆయన ఒక్కడే నవ్వుకున్నాడు. మునసబు రక్తం చూసి డాక్టరమ్మ మందు ఇంకాస్త తగ్గించింది. పూర్తిగా మానేసే రోజు రావచ్చు, మళ్ళీ తిరగబెట్టనూ వచ్చు, మాటివ్వలేనంది.

అత్తగారు చేతికర్ర పట్టుకుని, కొడుకు వెంట రాగా ఇంటికొచ్చింది. వచ్చిన సాయంత్రమే కుర్చీలో కూర్చుని, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, "ఇంజెక్షను నేనిస్తాను. నా పిల్లి" అంది. వద్దంటే వినే మనిషి కాదు. కోడలు సిరంజిలో మందు ఎక్కించి, మెడ వెనక చర్మం ఎలా పట్టుకోవాలో చూపించింది. ఆవిడ సూది రెండుసార్లు దగ్గరికి తెచ్చి వెనక్కి తీసింది.

కోడలు అది చూడలేకపోయింది. గేటు తీసుకుని వీధిలోకి వచ్చి, దీపస్తంభం దాకా నడిచి, వెనక్కి తిరిగింది. ఎదురుగా మామగారు వస్తున్నాడు, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా.

"ఇచ్చారా?" అంది ఆమె.

"ఏమో. నేనూ వచ్చేశాను."

ఇద్దరూ స్తంభం దాకా వెళ్ళారు, వచ్చారు. మళ్ళీ వెళ్ళబోతుండగా కిటికీ రెక్క తెరుచుకుంది.

"అక్కడేం కొలుస్తున్నారు ఇద్దరూ? అయిపోయింది, రండి" అని అత్తగారు కేకేసింది. "వాడు గిన్నె నాకేసి ఇంకా కావాలంటున్నాడు. పెట్టొచ్చా, వద్దా?"

"ఆగండి అత్తయ్యా, వస్తున్నా!" అంటూ కోడలు గేటువైపు పరుగెత్తింది.