స్వామివారి మితభాషణం

శామీర్‌పేట ఆశ్రమంలో వల్మీకానందస్వామి ప్రవచనమంటే అరచేతిలో ప్రసాదమంతే ఉండేది. "కోపం తగ్గించుకోండి, రండి తిందాం" అని తానే వడ్డనకు లేచేవారు. ఆయన పోయిన ఏడాదికి జరిగిన ఆరాధన సభలో మాత్రం, స్వామి ఎంత మితంగా మాట్లాడేవారో చెప్పడానికి ఒక్కో శిష్యుడు గంటసేపు మైకు వదల్లేదు.

పరమేష్ వంతు చివరికి వచ్చింది. నెల్లాళ్లు అద్దం ముందు నిలబడి సాధన చేసిన ప్రసంగం గొంతులో సిద్ధంగా ఉంది. జనం కళ్లేమో పులిహోర గంగాళం మీద ఉన్నాయి. అతనికి జాలేసింది.

"స్వామి ఉంటే ఏమంటుండె? రండి తిందాం అంటుండె" అని దిగిపోయాడు.

చప్పట్లు మోగాయి. అసలైన శిష్యుడివి నువ్వేనని పెద్దలు భుజం తట్టారు. పరమేష్‌కు మాత్రం ముద్ద దిగలేదు. మైకు సెట్టు తెచ్చిన జాన్సన్ వైర్లు చుడుతూ అది గమనించాడు.

"ఏందన్నా, పరేషానున్నవ్?"

"మస్తు తయారై వచ్చిన తమ్మీ. అంతా లోపల్నే ఉండిపోయింది."

"గట్లైతే నాకు జెప్పు. వైర్లు సుట్టేదాంక వింట."

పరమేష్ మొదలుపెట్టాడు. వైర్లు అయిపోయాయి, సామాను వ్యాన్‌లోకి ఎక్కింది, వెనకే పరమేష్ కూడా ఎక్కాడు. కొంపల్లి వచ్చేసరికి స్వామి బాల్యం పూర్తయింది.